జీడినూనె పూసిన పడవ

ఒంటికి దురద పుట్టాలని దేవుడికి మొక్కుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. మామూలుగా మొక్కుకోలేదు, కొబ్బరికాయ కొడతానని మరీ మొక్కుకున్నాను.

మొన్న మా వీధిలో కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన పిల్ల ఒకతి వచ్చి, “అమ్మమ్మా, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?” అని అడిగింది. కలరా గురించో, అడ్డం తిరిగిన కాన్పు గురించో చెబుతాననుకుంది పాపం. అవీ చూశాను. అవి చెప్పడం మొదలుపెడితే ఏడుపొస్తుంది, ఈ వయసులో ఏడ్చే ఓపిక నాకు లేదు. అందుకని జీడినూనె సంగతి చెప్పాను. ఆ పిల్ల నవ్వీ నవ్వీ, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది. మీకూ పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకోండి, నష్టమేమీ లేదు.

అరవైల మొదట్లో మాట. పులికాట్ సరస్సు ఒడ్డున, సూళ్లూరుపేటకి కొంచెం ఎడంగా ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రంలో నాకు మొదటి పోస్టింగు. ఆ దీవుల వైపు రాకెట్లు వస్తాయని అప్పటికి ఎవరూ కలగనైనా లేదు. మాది నాయుడుపేట అవతల వరిపొలాల ఊరు. నీళ్ళంటే నాకు తెలిసింది మడిలో మోకాలి లోతు నీళ్ళు. అలాంటిదాన్ని పట్టుకుని, పడవలెక్కి దీవుల్లో ఊళ్ళు తిరిగి రమ్మన్నారు. పడవ ఎక్కానంటే అవతలి ఒడ్డు తగిలేదాకా కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. పడవవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, నా ప్రాణం నాది అని ఊరుకునేదాన్ని.

మా డాక్టరు అప్పుడే చదువు ముగించి వచ్చిన కుర్రాడు. మంచివాడే, కాని భయస్థుడు. నీళ్ళంటే భయం, పైఅధికారులంటే భయం, మా కాంపౌండరంటే అన్నిటికన్నా భయం. కాంపౌండరు రిటైరవడానికి సిద్ధంగా ఉన్న పెద్దమనిషి. ఆయన దగ్గర మూడు రంగుల మందులుండేవి. డాక్టరు చీటీ మీద ఏం రాసినా, ఆయన రోగి ముఖం చూసి తనకు తోచిన రంగు పోసి పంపేవాడు. అదేం విచిత్రమో, చాలామందికి నయమయ్యేది కూడా.

ఒకరోజు పొద్దున్నే ఉప్పు పడవ మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి కబురు చెప్పాడు. దీవిలో ఒక ఊళ్ళో అమ్మవారు పోసిందట. ఒకే పడవ మనుషులు అయిదారుగురికి ఒక్కసారే ఒళ్ళంతా పొక్కులట. పెద్దకాపు దురాయి వేశాడట.

పెద్దకాపంటే వాళ్ళ ఊరిపెద్ద, దురాయంటే ఆయన వేసే కట్టడి. అది పడిందంటే ఊళ్ళోవాడు బయటికి పోకూడదు, బయటివాడు లోపలికొస్తే మళ్ళీ వెళ్ళకూడదు, పడవ నీళ్ళలోకి దిగకూడదు, అమ్మ ఉన్న ఇంట్లో మందు ముట్టకూడదు. కలెక్టరు మాటనైనా కాదనేవాడు ఉంటాడేమో గాని, దురాయి దాటినవాడు ఆ సరస్సు మీద లేడు.

మా డాక్టరు ముఖం పాలిపోయింది. ఆ రోజుల్లో మశూచి అంటే ఆటలు కాదు మరి. నెల్లూరుకి తంతి కొడితే టీకాల దండు దిగుతుంది, పోలీసులు దిగుతారు, ఊరు నెల పైగా మూతపడుతుంది. కొట్టకుండా ఊరుకుని, అది నిజంగా మశూచే అయితే ఉద్యోగం మాట అటుంచండి, పసిపిల్లల ప్రాణాలు పోతాయి. ఆయన చాలాసేపు అటూ ఇటూ తిరిగి చివరికి నా ముందు ఆగాడు. “నువ్వు వెళ్ళి ముఖాలూ చేతులూ చూడు. మశూచి అయితే పొక్కులు అక్కడే ఎక్కువగా ఉంటాయి. ఎల్లుండి పొద్దుటికి నీ దగ్గర్నుంచి కబురు రాకపోతే నేను తంతి కొట్టేస్తాను” అన్నాడు. మీరు రారా సార్ అని అడిగాను. తనకి కేంద్రంలో చాలా పనుందన్నాడు. పక్కగదిలో కాంపౌండరు అవసరం లేకపోయినా గట్టిగా దగ్గాడు. దగ్గి, నా సంచిలో మూడు రంగుల సీసాలూ సర్దిపెట్టాడు.

నేను వెళ్ళేసరికి ఊరి ఒడ్డునే నన్ను ఆపేశారు. ఇళ్ళ గుమ్మాలకి వేపమండలు వేలాడుతున్నాయి. పెద్దకాపు పడవ నెట్టే గెడకర్ర ఒకటి ఊతంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, తెల్లటి మీసాలు. దిగితే అమ్మ శాంతించేదాకా మళ్ళీ పడవెక్కే పని లేదని ఖచ్చితంగా చెప్పాడు. నాకు పడవలో ఉండటం కంటే దిగి ఉండటమే సుఖం కాబట్టి వెంటనే దూకేశాను. ఆయన ఒక గంప బోర్లించి నన్ను కూర్చోమన్నాడు. తాను మాత్రం ఎంతసేపు మాట్లాడినా కూర్చోలేదు. ఎంత మర్యాదస్థుడో అనుకున్నాను.

రోగుల్ని మాత్రం చూపించలేదు. అమ్మ ఉన్న ఇంట్లోకి పరాయి మనిషి అడుగు పెట్టకూడదట. ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. చివరికి జబ్బుపడిన ఆ పడవని నడిపే సరంగు భార్య తమ ఇంటి వసారాలో నాకు చోటిచ్చింది. ఇరవై దాటని పిల్ల. నాకు అన్నం వండి పెడుతూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మొగుడి గురించి బెంగేమో అనుకుని, భయపడకు, తగ్గుతుందిలే అన్నాను.

“ఆయనకేం అక్కా, కడుపునిండా తింటా ఉండాడు. అమావాస్య వంతు పోతా ఉండాదే, దానికి నా ఏడుపు” అంది.

అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. సరస్సు సముద్రంలో కలిసే ఇరుకుచోటుని వాళ్ళు మొగ అంటారు. అమావాస్య పోటుకి రొయ్యలు ఆ దారినే లోపలికి వస్తాయి. అందుకని అక్కడ వల వేయడానికి పడవలన్నీ చీట్లు వేసి వంతులు పంచుకుంటాయి. వంతురోజు పడవ దించలేకపోతే మళ్ళీ ఏడాదిదాకా ఆ చోటు దక్కదు. వీళ్ళు ఇన్నేళ్ళూ ఒకరి పడవల్లో కూలికి పోయి, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఇప్పుడిప్పుడే సొంత పడవ కట్టుకున్నారు. సొంత పడవకి ఇదే మొదటి వంతు. అది తప్పితే పడవ అమ్ముకుని మళ్ళీ కూలికి పోవాలి. అమావాస్య ఇంకా నాలుగు రోజులుంది.

నాకు చాలా కష్టమనిపించింది. కాని అమ్మవారైతే నేను మాత్రం ఏం చేయగలను? అలా అనుకుంటూ ఉండగానే ఆ పిల్ల నాకు మజ్జిగ గిన్నె అందించింది. దాని ముంజేయి మీద పొక్కులు కనిపించాయి. నేను చూడటం చూసి చటుక్కున కొంగు కప్పేసింది. తనకీ అమ్మ వచ్చిందనీ, అత్తకి తెలిస్తే బెంబేలెత్తిపోతుందని దాచిందనీ చెప్పింది. చెయ్యి లాక్కుని వెలుతురులో చూశాను. పొక్కులు చెదురుమదురుగా లేవు. ముంజేయికి అడ్డంగా పట్టీ వేసినట్టు వరసగా ఉన్నాయి.

అమ్మవారు వరసలో నిలబడటం నేను ఎక్కడా చదవలేదు. ఈ చేతి మీద ఏం వేసుకున్నావని అడిగాను. మొగుడి గోచిగుడ్డ ఉతికి, పిండకుండా చేతి మీద వేసుకుని ఆరేయడానికి తీసుకెళ్ళిందట. ఆయన గోచి ఆయన ఉతుక్కోడా అన్నాను. వంగలేడంది. ఎందుకు వంగలేడన్నాను. చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఆయనకి ముఖం మీద ఉన్నాయా?”

లేవన్నట్టు తల ఊపింది.

“చేతుల మీద?”

మళ్ళీ తల ఊపింది.

“మరెక్కడున్నాయే తల్లీ?”

ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని తల దించేసింది. భుజాలు ఊగిపోతున్నాయి. ఏడుస్తోంది పాపమని దగ్గరికి తీసుకోబోయాను. ఏడుపు కాదు, నవ్వు. నవ్వు ఆపుకోలేక చెప్పలేక చెప్పింది.

“కూసునే తావున అక్కా. అందరికీ ఆడే.”

గోడ అవతల నుంచి సరంగు గట్టిగా మూలిగాడు. అంటే మా మాటలన్నీ వింటూనే ఉన్నాడన్నమాట.

ఇంకేముంది, సిగ్గు విడిచిపోయింది కాబట్టి మిగతా కథంతా గోడ అవతల నుంచే చెప్పాడు, బోర్లా పడుకునే. పడవ చెక్కకి పురుగు పట్టకుండా వాళ్ళు తరతరాలుగా సొరచేప నూనె పూస్తారు. ఈసారి సరుగుడు తోపుల వైపు ముంతమామిడి గింజలు కాల్చే షెడ్డువాడు, తొక్కల నుంచి తీసిన జీడినూనె ఇస్తాను, పూయండి, ఇక పురుగన్నది ఛాయలకే రాదు అన్నాడట. నిజమే, రాదు. అయితే పూసిన తరువాత అంటుకోకుండా బాగా ఆరేదాకా ఎండలో ఉంచమని కూడా చెప్పాడట. ఎక్కడ ఉంచుతారు? పెద్దకాపు పెట్టిన ముహూర్తం మరునాడే. ముహూర్తం దాటకూడదని జిగురు జిగురుగా ఉండగానే పడవ దించి, ఉత్త గోచులతో పొద్దుగూకేదాకా దాని బల్లల మీద కూర్చుని తిరిగారు. మొదటి తిరుగుడుకి గౌరవంగా పెద్దకాపుని కూడా పడవ వెనక కొసన, అమరం దగ్గర కూర్చోబెట్టుకున్నారట.

అప్పుడు వెలిగింది నాకు, ఆయన మర్యాదంతా ఏమిటో.

జీడి సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. మా అమ్మ గింజలు కాల్చి కొట్టేటప్పుడు ముందు చేతులకి కొబ్బరినూనె పట్టించేది. నేను ఒకసారి ఆత్రంకొద్దీ పచ్చిగింజ పళ్ళతో కొరికి, మూతి పూరీలా పొంగి బడి ఎగ్గొట్టాను. కాని జీవితమంతా చేపనూనె తప్ప ముట్టని వాళ్ళకి ఇది ఎలా తెలుస్తుంది? చేతులకి రాలేదేమంటారా, గెడలూ తాళ్ళూ పట్టీ పట్టీ వాళ్ళ అరచేతులు చెప్పు అట్టల్లా ఉంటాయి. పొక్కులు తేలేసరికి రెండు రోజులైంది. పైగా అవతలి తీరంలో ఎక్కడో అమ్మవారు పోసిందని పుకారు. మగవాళ్ళు సిగ్గుతో ‘ఒళ్ళంతా’ అన్నారు. ఆడవాళ్ళు చాటుగా ఒకరికొకరు చెప్పుకున్నారు గాని, పెద్దకాపు ముందు ఆ మాట ఎవరంటారు? ఆయన తన సంగతి తాను ఎవరితో అంటాడు? చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని ఊరికే అన్నారా.

నేను పెద్దకాపు దగ్గరికి పరుగెత్తాను. ఊరి జనమంతా అమ్మవారి రాయి ముందు ఇసకలో చేరి ఉన్నారు. ఇది అమ్మ కాదు, జీడినూనె అని చెప్పాను. ఎక్కడ పొక్కిందో మాత్రం అనలేదు. ఎంత కోపమొచ్చినా రోగి గుట్టు నలుగురిలో విప్పకూడదని నాకు శిక్షణలో నేర్పారు. ఆయన నన్ను కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

“నా చిన్నప్పుడు ఇట్టనే ఒకాయన వచ్చి, ఇవి ఎండపొక్కులేలే అని చెప్పి పడవలు దింపించినాడు నర్సమ్మా. ఆ ఏడు మా వీధిలో పిలకాయలే మిగల్లేదు. మా తమ్ముడు గూడా పోయినాడు. నీ మాట నమ్మి నేను దురాయి తీస్తా. రేపు అది అమ్మే అయితే ఎవరి బిడ్డని తెచ్చిస్తావు?”

మూర్ఖుడని అనుకుంటూ వెళ్ళాను ఆయన దగ్గరికి. ఆయన మూర్ఖుడు కాదు, పిల్లల కోసం భయపడుతున్న మనిషి. అలాంటివాడికి ఉపన్యాసం పనికిరాదు, కంటికి కనబడేదేదో చూపించాలి. ఒక్క నిమిషం ఆలోచించి నా ఎడమ రవికచెయ్యి పైకి తోశాను.

“పెద్దాయనా, ఆ నూనె కుండలో మిగిలింది తెప్పించండి. నా చేతి మీద మీకు నచ్చిన బొమ్మ మీరే గీయండి. అమ్మ అయితే తనకిష్టమైన చోటికి వస్తుంది. నూనె అయితే మీరు గీసిన గీత మీదే వస్తుంది. రాకపోతే నేనూ ఇక్కడే వేపమండల్లో పడుకుంటాను” అన్నాను. రెండో చేతి మీద సొరనూనెతో అదే బొమ్మ గీయమన్నాను, తేడా తెలియాలి కదా.

ఆయన ఒక ఈనెపుల్ల తీసుకుని జీడినూనెలో ముంచి నా ముంజేయి మీద చేపని గీశాడు. ఆయనకి వచ్చిన బొమ్మ అదొక్కటే. రెండో చేతి మీద సొరనూనెతో ఇంకో చేప. జనమంతా మూగి చూశారు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ క్షణంలో నాకు బోధపడింది.

మరునాడు పొద్దున లేచి చూసుకున్నాను. ఏమీ లేదు. నున్నటి చెయ్యి. ఊళ్ళో ఆడవాళ్ళు పురిటిబిడ్డని చూడవచ్చినట్టు ఒకరి తరువాత ఒకరు వచ్చి నా చెయ్యి తిప్పి చూసి, పెదవి విరిచి వెళ్ళారు. మధ్యాహ్నమైనా ఏమీ లేదు. చిన్నప్పుడు ఒక్క గింజ కొరికితే మూతంతా పొంగినదాన్ని, ఇప్పుడు నా చర్మానికి ఏం రోగమొచ్చింది అని ఏడుపొచ్చేసింది. తెల్లవారితే డాక్టరు తంతి కొట్టేస్తాడు. సరంగు భార్య పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చుంది. నాకు ఇంకేం తోచక వెళ్ళి అమ్మవారి రాయి ముందే నిలబడి, అమ్మా, నువ్వు రాలేదని రుజువు చేయడానికి నువ్వే సాయం చెయ్యాలి, నాకు కాస్త దురద ప్రసాదించు, కొబ్బరికాయ కొడతాను అని మొక్కుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి ముంజేయి మీద ఎక్కడో సన్నగా చీమ పాకినట్టయింది. మళ్ళీ పాకింది. తరువాత మంట, దాని వెనక దురద. ఏం దురదండీ అది! ఆ పిల్లని కేకేసి చెయ్యి చూపించాను. ఎర్రటి గీత, తోకతో సహా. ఇద్దరం ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వసారాలో గంతులేశాం. గోడ అవతల సరంగు ఏమైందే ఏమైందే అని కేకలు. గోక్కోకుండా ఉండటానికి ఆ పిల్ల నా కుడిచెయ్యి గట్టిగా పట్టుకునే కూర్చుంది.

తెల్లవారేసరికి చేప మొత్తం నీటిపొక్కులతో పైకి తేలింది. కన్ను కూడా ఉంది. రెండో చేతి మీద సొరనూనె చేప జాడే లేదు. జనమంతా చేరారు. పెద్దకాపు నా చెయ్యి పట్టుకుని, వేలు ఆనించకుండా బొమ్మ చుట్టూ గాలిలో గీశాడు. రెండో చెయ్యి చూశాడు. మళ్ళీ మొదటి చెయ్యి చూశాడు. తరువాత తలపాగా తీసి అమ్మవారి రాయికి దణ్ణం పెట్టి, ఊరివైపు తిరిగాడు.

“అమ్మ రాలేదురా. ఇది నేను పెట్టిన ముహూర్తం” అన్నాడు.

అంతమందిలో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మొదటి వేపమండ ఆయనే తన చేత్తో తీసేశాడు. పక్కనుంచి పోతూ పోతూ, ఎవరికీ వినబడకుండా, మందేమైనా ఉండాదా అమ్మా అన్నాడు. మీ ఇంటావిడకి అప్పుడే ఇచ్చానండీ అన్నాను. ఆయన మీసాల కింద నవ్వు ఒక్క క్షణం కనబడి మాయమైంది.

అదే సమయానికి ఉప్పు పడవ దూరంగా కనిపిస్తే, నడుముల్లోతు నీళ్ళలోకి దిగి, అమ్మవారు కాదు, నూనె, తంతి వద్దు అని గొంతు చించుకుని అరిచాను. వాడు వెళ్ళి డాక్టరుతో, నర్సమ్మకి మతి పోయింది సార్, చేతి మీద చేపబొమ్మ వేయించుకుని నీళ్ళలో గంతులేస్తోంది అని చెప్పాడట. దాంతో పాపం ఆయన తంతి మాటా, నీళ్ళ భయం కూడా మరిచిపోయి మధ్యాహ్నానికల్లా వచ్చేశాడు. తెరచాప అడ్డం కట్టి లోపల రోగుల్ని ఒక్కొక్కరినీ చూశాడు. బయటికి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఎర్రబడింది, నవ్వు ఆపుకుని ఆపుకుని. నా చెయ్యి చూసి మాత్రం నవ్వలేదు. బాగా తిట్టాడు. ఒంటి మీద ప్రయోగాలు చేసుకోవడం నర్సు పని కాదన్నాడు. ఆ మాట నిజమే. మీరు చేయకండి. నాకు అప్పుడు ఇంకో దారి తోచలేదు గాని, అది అందరికీ చెప్పదగిన దారి కాదు.

ఇక వైద్యమంతా ఇళ్ళల్లోనే, పెళ్ళాల చేతుల మీదుగా. నేను వసారాలో నిలబడి చెప్పేదాన్ని, వాళ్ళు లోపల చేసేవాళ్ళు. జీడి తగిలిన వెంటనే అయితే కొబ్బరినూనెతో తుడిచి, సబ్బు పెట్టి బోలెడన్ని నీళ్ళతో కడిగేస్తే చాలావరకు తప్పిపోతుంది. వీళ్ళకి ఆ వేళ దాటిపోయింది. పైగా సరంగు సిగ్గుకొద్దీ చాటుగా ఉప్పునీళ్ళూ ఇసకా పెట్టి రుద్దేసుకుని పుండు చేసుకున్నాడు. అందుకని చల్లటి తడిగుడ్డలు వేయించాను, పొక్కులు చిదపవద్దన్నాను, గోచులన్నీ విడిగా సబ్బు పెట్టి ఉతికించాను, ఉతికేవాళ్ళ చేతులకి ముందు కొబ్బరినూనె పట్టించాను. తరువాత కాంపౌండరు సంచిలో పెట్టిన గులాబీరంగు కాలమైన్ మందు. ఆయన మూడు రంగుల్లో ఆ ఒక్కటి మాత్రం సరిగ్గా అక్కరకొచ్చింది. మరునాడు తాళ్ళ మీద ఆరిన గోచులన్నీ గులాబీరంగు. ఆడవాళ్ళు వాటికింద నుంచి పోతూ ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకున్న నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

పడవని ఒడ్డుకి లాగి, చేతులకి నూనె గుడ్డలు చుట్టుకుని, బూడిదా తవుడూ చల్లి బల్లలన్నీ తోమారు. వాటి మీద గోనెపట్టాలు మందంగా పరిచారు. అయినా ఎవరూ కూర్చునే స్థితిలో లేరు. కూర్చోకుండా పోగలరా అని నేను భయపడితే సరంగు, గెడ వేసేది నిలబడేగా నర్సమ్మా అన్నాడు.

అమావాస్య పొద్దున పడవ బయలుదేరింది. పాత మెత్తటి చీరగుడ్డల గోచులు పెట్టుకుని, అందరూ నిటారుగా నిలబడి గెడలు వేస్తూ పోయారు. ఏదో రాజుగారి ఊరేగింపులా ఉందని ఒక ముసలమ్మ అనేసరికి ఒడ్డంతా ఘొల్లుమంది. సరంగు భార్య మాత్రం నవ్వలేదు. పడవ కనుమరుగయ్యేదాకా నా కొంగు పట్టుకుని నిలబడింది. తరువాత కూడా తిండి తినలేదు. నేనూ తినలేదు. అంతకుముందే డాక్టరు వెళ్ళిపోతూ నన్నూ రమ్మంటే, రోగుల్ని చూసి వస్తానని అబద్ధం చెప్పి ఉండిపోయాను.

పొద్దు వాలేవేళకి తెరచాప కనిపించింది. పడవ అంచు నీళ్ళకి బాగా దిగి ఉందని ముందు ఆ పిల్లే చూసింది. చూసి, ఇసకలో చతికిలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఈసారి అది ఏడుపే.

రొయ్యలు గంపలకి గంపలు. ఇసక మీద గుడ్డలు పరిచి భాగాలు పోయడం మొదలుపెట్టారు. ముందు అమ్మవారికి దోసెడు తీసి పక్కన పెట్టారు. తరువాత పడవకో భాగం, వలకో భాగం, మనిషికో భాగం. అక్కడి కట్టుబాటు అది. సరంగు చివరి భాగం పోసి గంపలో మిగిలింది కూడా అందులోనే బోర్లించబోతుంటే పెద్దకాపు గెడకర్ర అడ్డం పెట్టాడు.

“ఇంకో భాగం పొయ్యి” అన్నాడు.

“ఎవురికి మామా?”

“నర్సమ్మ చేతికి.”

ఆడదాని పేరున ఆ ఒడ్డు మీద భాగం పోయడం అంతకుముందు లేదట. ఆ సంగతి నాకు తరువాతెప్పుడో చెప్పారు. అప్పుడు మాత్రం సరంగు గంప రెండు చేతులతో ఎత్తి నా ముందుకి వచ్చాడు. నేను బిత్తరపోయి నిలబడితే ఆ పిల్ల నా కొంగు విప్పి, నా రెండు చేతులకీ అంచులు అందించి, పట్టక్కా అంది. పట్టాను. కొంగు నిండిపోయింది. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.